డబ్బా రాని ఇల్లు

తన నాలుగేళ్ల కూతురికి తెలివి తక్కువని చదువుకున్నవాళ్లెవరైనా తేల్చి చెబుతారేమోనని తనూజకు భయం. ఆమెకున్న భయాలన్నిటిలోకీ అదే పెద్దది. ఆ వెనకే ఇంకో మాట కూడా అంటారని ఆమె నమ్మకం: తల్లి తొమ్మిదో తరగతిలో బడి మానేసింది కదా, పిల్లకు ఆ పోలికే వచ్చిందని.

ఇంట్లో పాల వ్యాపారం. బర్రె కాలు విసిరితే తనూజ భయపడదు. అత్త ఆండాలు గొంతెత్తినా భయపడదు. ఆండాలు మామూలుగా మాట్లాడితేనే యాకుత్‌పురా స్టేషన్‌లో రైలు ఎక్కబోయేవాళ్లు ఆగి వెనక్కి చూస్తారు, ఇక ఎత్తడానికి మిగిలిందేముంది! కాని మెడలో ఐడీ కార్డు వేలాడేసుకున్న మనిషి గల్లీ మొగదల కనిపిస్తే చాలు, తనూజ అరచేతులకు చెమట పట్టేస్తుంది.

ఆమె ఖర్మ కొద్దీ ఆ ఏడు ఆ గల్లీకి చుట్టాల కంటే ఐడీ కార్డులవాళ్లే ఎక్కువగా వచ్చారు.

నగరానికి ఆ చివర ఏదో పెద్ద పరిశోధన సంస్థ ఉందట. పిల్లలు ఎలా ఎదుగుతారో తెలుసుకోవాలని వాళ్లు నాలుగు శాస్త్రాలవాళ్లను ఒక్క జీపులో ఎక్కించి పంపారు. వైద్యం తరఫున డాక్టర్ వేదశ్రీ వచ్చింది. ఆమె పిల్లల బరువు తూచి, వేలి చివర సూదితో పొడిచి, చాక్లెట్ ఇస్తుంది. సైన్సు తరఫున ప్రేమ్‌రాజ్ అనే కుర్రవాడు వచ్చాడు. ఇంటింటికీ తిరిగి తాగేనీళ్లు సీసాల్లో పట్టుకుపోతాడు. చదువుల శాస్త్రం తరఫున సూర్యప్రభ మేడమ్ వచ్చింది. పిల్లలను చాప మీద కూర్చోబెట్టి ఆడిస్తూ ప్రశ్నలడుగుతుంది. గణితం తరఫున వచ్చిన రాఘవ మాత్రం ఏమీ చేయడు. గోడకు ఆనుకుని చూస్తూ నిలబడతాడు.

"గీ సారు పనేంది బిడ్డా?" అని ఆండాలు అతన్నే అడిగింది.

"వీళ్లు ముగ్గురూ తెచ్చిన వివరాలన్నీ లెక్కగట్టి, అందులో నిజమెంతో, ఊరికే అలా జరిగిపోయింది ఎంతో చెప్పాలమ్మా."

"అంటే పాలల్ల నీళ్లు ఎంతున్నయో సూసెటాయన లెక్కనా?"

"సరిగ్గా అంతే."

"మరి గందుకే నీతోని ఎవ్వలు మాట్లాడ్తలేరు," అంది ఆండాలు జాలిగా, ఒక గ్లాసు చాయ్ అతని చేతిలో పెడుతూ.

సూర్యప్రభ మేడమ్ తన కూతురు మున్నీని పరీక్షించిన రోజు తనూజ పొద్దున్నించీ అన్నం ముట్టలేదు. మేడమ్ చాప మీద రంగురంగుల గుండీలు పరిచింది.

"ఎన్ని ఉన్నాయి తల్లీ?"

మున్నీ గుండీల వంక చూడలేదు. మేడమ్ చెవికున్న జుంకాను చూస్తోంది. వెనక కూర్చున్న తనూజ పెదాలు కదిలాయి. మున్నీ ఇంకా జుంకానే చూస్తోంది. తనూజ గుసగుసగా చెప్పింది. మున్నీ నోట్లో వేలు పెట్టుకుంది. తనూజ ఇక ఆగలేక, "ఐదు మేడమ్! ఐదున్నయి!" అని అరిచేసింది.

"తనూజగారూ, పరీక్ష పాపకండీ."

"దానికొస్తది మేడమ్. ఇంట్ల మస్తు మాట్లాడ్తది. కొత్తోళ్లుంటేనే గిట్ల."

తర్వాతి ప్రశ్నకూ, ఆ తర్వాతి ప్రశ్నకూ కూడా జవాబు తనూజ నోటి నుంచే వచ్చింది. ఎదురింటి అమల గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది. ఆమె కొడుకు బబ్లూకు కూడా నాలుగేళ్లే. "ఓ అక్కా! నువ్వైతే ఫస్ట్ క్లాసుల పాసైనవ్ పో!" అని నవ్వింది.

మేడమ్ టాబ్‌లో ఏదో రాసుకుంది. ఒక ముక్క కాదు, చాలాసేపు రాసింది.

"ఏం రాసిండ్రు మేడమ్?"

"చెప్పకూడదమ్మా. అధ్యయనం పూర్తయ్యేదాకా ఎవరికీ చెప్పం."

అంతసేపు రాశారంటే మంచి మాట అయ్యుండదని తనూజ తేల్చుకుంది. బాగుందని చెప్పడానికి అంతసేపు ఎందుకు?

ఆ అనుమానం మరో వారానికి రూఢి అయింది. గల్లీలో పిల్లలున్న ఇళ్లలో సగం ఇళ్లకు ఒక ఆటల డబ్బా, ఒక ఐరన్ సిరప్పు ఇచ్చారు. డబ్బాలో గవ్వలు, బొమ్మల కార్డులు, ఒక కథల పుస్తకం. మిగతా సగం ఇళ్లకు ఏడాది ఆగాక ఇస్తామన్నారు. అమల ఇంటికి వచ్చింది. తనూజ ఇంటికి రాలేదు.

తనూజ తిన్నగా గోడ దగ్గర నిలబడ్డ రాఘవ దగ్గరికి వెళ్లింది.

"మాకెందుకియ్యలే సార్? మా పోరి మాట్లాడలేదనా?"

"అలాంటిదేం లేదమ్మా. చీటీలు తీసినట్టే. కంప్యూటరు తీసింది. పిల్లల్ని చూడకుండానే ఇచ్చాం. చూసి ఇస్తే మా లెక్క చెడిపోతుంది."

తనూజకు ఇది మరీ అన్యాయంగా తోచింది. "పిల్లను సూడకుంట ఎట్లిస్తరు సార్? సంబంధం గూడ సూసినంకనే ఖాయం జేస్తరు!"

రాఘవ ఓపికగా మళ్లీ మొదటి నుంచీ చెప్పాడు. డబ్బా ఉన్న పిల్లలనూ లేని పిల్లలనూ ఏడాది తర్వాత పక్కపక్కన పెట్టి చూస్తేనే డబ్బా వల్ల మేలుందో లేదో తెలుస్తుంది. ఆపైన గల్లీవాళ్లందరినీ పిలిచి గట్టిగా చెప్పాడు: "ఒక్కటే షరతు. ఎవరికి ఇచ్చింది వాళ్ల దగ్గరే ఉండాలి. ఒకరిది ఒకరికి ఇవ్వొద్దు." గల్లీ మొత్తం బుద్ధిగా తలూపింది. ఆ గల్లీలో ఇంటికి వచ్చిన మనిషి ఏం చెప్పినా తలూపుతారు. అది మర్యాద.

అంతకు ముందురోజు కొండల్ బర్రె ఈనింది. కొండల్ అంటే తనూజ భర్త. తనూజ జున్ను వండి, స్టీలు గిన్నెలో అమల ఇంటికి పంపింది. ఇప్పుడు ఆ గిన్నె తిరిగి రావాలి. ఖాళీ గిన్నె తిరిగి పంపే ఇల్లు ఆ గల్లీలో పుట్టలేదు. గుప్పెడు బియ్యమో, రెండు జామకాయలో, ఏదో ఒకటి వేసే పంపాలి. ఆ రోజు అమల ఇంట్లో కూర మాడిపోయింది, గిన్నెలో వేయడానికి ఇంకేమీ లేదు.

మధ్యాహ్నం అమల గిన్నె పట్టుకుని గల్లీ దాటి వచ్చింది. తనూజ మూత తీసింది. లోపల గవ్వలు, బొమ్మల కార్డులు.

"అయ్యో, గివి ఎవ్వలకియ్యొద్దన్నరు గదనే!"

"డబ్బా ఇయ్యొద్దన్నరు," అంది అమల. "నేను గిన్నె ఇస్తున్న."

ఆ వాదనలో లొసుగు ఎక్కడుందో తనూజ తొమ్మిదో తరగతి చదువుకు అందలేదు. అందినా ఆమె వెతికేది కాదు.

రెండు రోజుల తర్వాత గవ్వలూ కార్డులూ అదే గిన్నెలో వెనక్కి వెళ్లాయి, పైన ఒక డబ్బీ పెరుగుతో సహా. ఈసారి కథల పుస్తకం వచ్చింది. అలా మొదలైన రాకపోకలు ఆ గిన్నె దగ్గర ఆగలేదు. గల్లీలో ఏ గిన్నె ఏ ఇంటికి పోతున్నా అందులో ఒక కార్డో, రెండు గవ్వలో ఉండటం అలవాటైపోయింది. పోయిన గవ్వల బదులు చింతగింజలు చేరాయి. పుస్తకంలో కుందేలు పసుపు మరకలు పడి పెళ్లికూతురిలా తయారైంది. పరిశోధనవాళ్లు వస్తారని తెలిసిన పొద్దున గల్లీ అంతా ఉరుకులు పరుగులు: "ఏనుగు కార్డు ఎవ్వల ఇంట్లున్నదే?" అని ఒకరు, "పుస్తకం పట్టుకరాండ్రి, జీపు దిగుతున్నరు!" అని ఒకరు.

ఒకసారి సూర్యప్రభ మేడమ్ అమల ఇంట్లో కార్డు తీసి వాసన చూసింది. "ఇదేంటి, వెల్లుల్లి వాసన!"

"మా బబ్లూ అన్నం తినుకుంట గూడ ఇడిసిపెట్టడు మేడమ్," అంది అమల కన్నార్పకుండా.

మేడమ్ ముఖం వెలిగిపోయింది. పిల్లలు ఇంతగా ఇష్టపడుతున్నారని సంబరంగా రాసుకుంది. తనూజకు ఆమెను చూస్తే పాపం అనిపించింది. కాని మున్నీని చూస్తే ఆ పాపం మరుగున పడిపోయేది.

మున్నీ మారింది. మొదట తల్లి ఒడిలో కూర్చుని గవ్వలు కదిపింది. తర్వాత కుందేలు కథ తానే చెప్పడం మొదలుపెట్టింది. ఆ తర్వాత లెక్కపెట్టడం పట్టుకుంది, ఇక వదల్లేదు. మెట్లు, బర్రెల చెవులు, ఎండేసిన చీరలు. ఉస్మాన్‌గంజ్‌లో ఎవరిదో నిశ్చితార్థానికి వెళితే, అందరి మధ్యా నాయనమ్మ నోరు తెరిపించి పళ్లు లెక్కపెట్టి, వచ్చిన సంఖ్యను హాలంతా వినపడేలా ప్రకటించింది. ఇంటికొచ్చే దారంతా ఆండాలు ఆటోలో మాట్లాడలేదు. దిగాక ఒక్కటే మాట అంది: "పోరి నోరు ఇప్పాలె, ఇప్పాలె అని మొక్కితివి గద. ఇప్పుడు మూసుడు ఎట్లనో గా మేడమ్‌నే అడుగు."

ఏడాది తిరిగింది. రెండో పరీక్ష వచ్చింది. ఈసారి తనూజను గుమ్మం బయట కూర్చోబెట్టారు. సూర్యప్రభ మేడమ్ సంచిలోంచి కొత్త కార్డులు తీసి పరిచింది. మున్నీ చూస్తూనే చేప కార్డు అందుకుంది.

"గీ చేపకు మూల మంచిగున్నది," అంది. "మా చేపకు లేదు. నేనే నమిలిన."

"మీ చేపా?" అంది మేడమ్.

గుమ్మం బయట తనూజకు దగ్గు వచ్చింది. మామూలు దగ్గు కాదు. గల్లీ చివర ఎవరికో బరువు తూస్తున్న డాక్టర్ వేదశ్రీ స్టెతస్కోపుతో పరిగెత్తుకొచ్చేంత దగ్గు. నీళ్లు, వీపు నిమరడం, ఊపిరి పీల్చి వదలడం, ఇవన్నీ అయ్యేసరికి చేప సంగతి అందరూ మరిచారు.

పోయిన నెలలో ఒక సాయంత్రం నలుగురూ కలిసి వచ్చారు. బర్రెల కొట్టం ముందు చాపలు వేసి గల్లీవాళ్లను కూర్చోబెట్టారు. ఎప్పుడూ గోడకు ఆనుకునే రాఘవ ఆ రోజు ముందుకు వచ్చాడు. సూర్యప్రభ మేడమ్ తల వంచుకుని దుపట్టా అంచు మడతపెడుతోంది.

"మీరంతా ఎంతో సహకరించారు, ధన్యవాదాలు," అన్నాడు రాఘవ. "ఫలితం మీకే ముందు చెప్పాలని వచ్చాం. నగరంలో అపార్ట్‌మెంట్లు ఉన్న వైపు కూడా ఇదే పని చేశాం. అక్కడ డబ్బా ఉన్న పిల్లలు లేనివాళ్ల కంటే బాగా ముందుకెళ్లారు. ఇక్కడ మాత్రం ఇద్దరికీ తేడా ఏమీ లేదు. సిరప్పు తాగినవాళ్లకీ తాగనివాళ్లకీ కూడా తేడా లేదు."

"పిల్లలు మంచిగనే నేర్సుకున్నరు గద సార్?" అన్నాడు కొండల్.

"వయసు పెరిగితే ఎవరైనా నేర్చుకుంటారు. అది డబ్బా గొప్ప అని నేను చెప్పలేను. లెక్క ఒప్పుకోదు. కాబట్టి రాయాల్సింది ఏంటంటే, ఈ డబ్బా అలాంటి ఇళ్ల పిల్లలకు పనిచేస్తుంది. ఇలాంటి గల్లీల పిల్లలకు పనిచేయదు. ఊళ్లలో అంగన్‌వాడీలకు పంపాలనుకున్నాం. అది ఇక ఉండదు."

తనూజ అరచేతులకు చెమట పట్టింది. ఇన్నాళ్లూ ఏ మాటకైతే భయపడిందో ఆ మాట వచ్చేసింది. ఒక్క మున్నీ మీద కాదు, గల్లీ పిల్లలందరి మీదా వచ్చింది. చదువుకున్న మనిషి, మంచి మనిషి, నిలబడి చెబుతున్నాడు: వీళ్లకు ఇచ్చినా ఎక్కదని.

అతను చెప్పింది తప్పు అని ఆ చాపల మీద కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అందరూ తమ కాలి వేళ్లు చూసుకుంటున్నారు. నిజం చెబితే మున్నీ పరీక్ష దొంగ పరీక్ష అయిపోతుంది. అంత కష్టపడి ఆ పిల్ల చెప్పిన జవాబులన్నీ కొట్టేస్తారు. మళ్లీ మొదటి రోజు రాసుకున్నదే మిగులుతుంది. ఆండాలు కోడలి తొడ మీద గిల్లింది, లేవొద్దని.

తనూజ లేచింది.

"సార్, గది తప్పు. డబ్బా మాకు గూడ వచ్చింది."

"రాలేదమ్మా. మీ ఇల్లు డబ్బా లేని..."

"వచ్చింది సార్. గిన్నెల వచ్చింది."

రాఘవకు అర్థం కాలేదు. తనూజ జున్ను దగ్గర్నుంచి మొదలుపెట్టింది. సగంలో అమల అందుకుంది: "అక్కనొక్కదాన్నే అనకుండ్రి సార్, మొదలు నేనే ఇచ్చిన." ఎవరో వెనక నుంచి, "పుస్తకం మా ఇంట్ల నెల రోజులున్నది," అన్నారు. ఇంకెవరో, "గవ్వలు మా పిల్లగాడు మింగిండు సార్, మల్ల వచ్చినయి తియ్యి," అన్నారు. ఏడాదిగా దాచిన మాట కదా, ఒక్కసారి కట్ట తెగేసరికి అందరూ ముందు నేనంటే ముందు నేనని చెప్పుకున్నారు.

డాక్టర్ వేదశ్రీ మెల్లగా లేచి నిలబడింది. "మరి సిరప్పు?"

గల్లీ మళ్లీ కాలి వేళ్ల వైపు చూసింది.

"సిరప్పు కూడా గిన్నెల్లో పోయిందా?"

"గిన్నెల ఎట్ల పోతది మేడమ్, చెమ్చాల పోయింది," అంది అమల. "పిల్లలందరికి తలా కొంచెం."

"మా దూడ గూడ బక్కగున్నదని..." అని కొండల్ మొదలుపెట్టి, తల్లి చూపు చూసి ఆపేశాడు.

"మందు కూర కాదు పంచుకోవడానికి!" వేదశ్రీ గొంతు మొదటిసారి ఆండాలు గొంతును మించింది. "ఏ పిల్లకి ఎంత పట్టాలో తూచి ఇచ్చాను. ఎవరికైనా ఎక్కువై ఉంటే? రేపు పొద్దున్నే పిల్లలందరినీ మళ్లీ తీసుకురండి. అందరినీ!" కొండల్ వైపు తిరిగి, "దూడను వద్దు," అంది.

ప్రేమ్‌రాజ్ ముఖంలో రక్తం లేదు. "నా నీళ్లు మాత్రం ఏ ఇంటివి ఆ ఇంటివే కదా?"

ఆండాలు నొచ్చుకుంది. "గదేం మాట బిడ్డా? ఇంటికొచ్చినోనికి నల్లా నీళ్లిస్తమా? నువ్వొస్తున్నవంటే క్యాన్ కొనుక్కొచ్చి, అన్ని ఇండ్లకు నేనే పోసిన."

"నేను వ్యాసం సగం రాసేశాను!" అన్నాడు ప్రేమ్‌రాజ్. "ఈ గల్లీ నీళ్లు అంత శుద్ధంగా ఎందుకున్నాయని!"

రాఘవ బోర్లించిన పాల క్యాను మీద కూలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని ఆండాలు చాయ్ పెట్టడానికి లేచింది. తీరా చూస్తే నవ్వుతున్నాడు, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ.

"గల్లీ మొత్తం కొట్టేయాలి," అన్నాడు. "ఒక్క ఇల్లు కూడా పనికిరాదు. లెక్కలోంచి తీసేస్తాను."

"మరి గట్ల రాస్తరా? మా పిల్లలకు ఎక్కదని?" అంది తనూజ.

"రాయను. రాసే హక్కే లేదిప్పుడు. ఇక్కడ డబ్బా లేని ఇల్లే లేనప్పుడు దేనితో పోల్చాలి? తెలియదు అని రాస్తాను. మరో చోట మళ్లీ మొదలుపెడతాం."

సూర్యప్రభ మేడమ్ దుపట్టా వదిలేసింది. ఏడాదిన్నర పని నీళ్లపాలైంది, అయినా ఆమె ముఖంలో ఇందాకటి దిగులు లేదు. తనూజ ఆమె దగ్గరికి వెళ్లి చేతులు నలుపుకుంటూ నిలబడింది.

"మా మున్నీ పేరు గూడ కొట్టేస్తరు గద మేడమ్?"

"కొట్టేస్తాం."

"అయితే మొదటిరోజు రాసిందే ఉంటదా?"

"అదీ పోతుంది. మీ గల్లీ మా లెక్కలోనే లేదు కాబట్టి ఇప్పుడు చెప్పొచ్చు. ఆ రోజు పాప గురించి రాసింది ఒక్క ముక్కే, కొత్తవాళ్ల ముందు సిగ్గు అని. మిగతాదంతా మీ గురించే."

"నా గురించా?"

"తల్లి పాప కంటే ముందే జవాబులు చెబుతోంది, అన్నీ సరిగ్గా చెబుతోంది, వచ్చేసారి ఆమెను గుమ్మం బయట కూర్చోబెట్టాలి అని."

అమల చప్పట్లు కొట్టింది. తనూజకు నవ్వాలో ఏడవాలో తెలియక కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడాదిపాటు ఆమె అన్నం మాన్పించిన భయం అలా, బర్రెల కొట్టం ముందు, అందరూ నవ్వుతుండగా తేలిపోయింది.

తేలిపోవడమైతే తేలిపోయింది కాని తనూజ తనూజే కదా, ఖాళీగా ఉండలేదు. జీపు ఎక్కబోతున్న వేదశ్రీని ఆపింది.

"మేడమ్, గా అపార్ట్‌మెంట్ల దిక్కు డబ్బా రాని పిల్లలు ఎనకబడ్డరన్నరు. ఆళ్లకు ఎవ్వలు గిన్నె పంపలేదా?"

"అక్కడ తలుపులు మూసి ఉంటాయి తనూజా. అందుకే లెక్క అంత చక్కగా వచ్చింది."

"మరి ఆ తల్లులు?"

వేదశ్రీ జీపు తలుపు వదిలి ఇటు తిరిగింది. "ఒకామె ఉంది. కొత్తగా వచ్చారు, ఎవరూ తెలియదు. ఆయన డ్యూటీకి వెళితే రోజంతా ఆమె, నాలుగేళ్ల బాబు, అంతే. వారం వారం ఫోన్ చేసి అడుగుతుంది, మా వాడిలో ఏం తక్కువ చూసి డబ్బా ఇవ్వలేదు అని. చీటీ అని చెబితే నమ్మదు. రెండు వారాలుగా ఆ ఫోన్ కూడా రావట్లేదు. నేను చేస్తే ఎత్తట్లేదు."

"ఏ బిల్డింగు? పేరేంది? నేను పోయి కూసుంట."

"పేరు, ఇల్లు చెప్పకూడదు. అది రూలు. మా వాళ్లను పంపిస్తున్నాం."

"ఆళ్ల మెడల కార్డు ఉంటది గద మేడమ్. సూస్తెనే భయమైతది."

వేదశ్రీ ఆమె చెయ్యి నొక్కి జీపు ఎక్కింది. రూలు రూలే. తనూజ ఎంత బతిమాలినా అంతకు మించి ఒక్క మాట రాలేదు.

అందుకని ఇది చదువుతున్నవాళ్లలో అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లుంటే తనూజ తరఫున ఒక్క పని చేసి పెట్టండి. మీ మెట్ల పక్కనో, మీ పై అంతస్తులోనో, చిన్న బాబుతో రోజంతా తలుపు మూసుకుని ఉండే తల్లి ఉందేమో చూడండి. ఉంటే ఒకసారి వెళ్లి తలుపు కొట్టండి. చక్కెర అయిపోయిందని అబద్ధం చెప్పినా ఫర్వాలేదు. లోపలికి రమ్మంటే కూర్చోండి, బాబుతో నాలుగు మాటలు మాట్లాడండి. ఆమె అన్నం తిందో లేదో కనుక్కోండి.